తాళం తిప్పబాక

మనుబోలు దాటినాక హైవే మీద
తెల్లారుజామున మూడున్నరకి
బంకు లైట్ల కింద ఉసిళ్లు, నేను, ఒక తెల్ల కారు.
"జీరో చూసుకోండన్నా" అన్నా.
ఆయన చూడలా. నేనూ చూడలా.
ఆయన ఫోన్లో ఉండాడు.
గూడూరు యార్డులో నిమ్మకాయ కిలో పద్దెనిమిదికి పడిందని
ఎవుర్నో అడిగిందే అడగతా ఉండాడు.
నేను నిద్రలో ఉండా, నిలబడే.

రెండు వేలకి కొట్టమన్నాడు.
ఏం కొట్టాల్నో చెప్పలా.
అడగాల్సిన మాట నా నోట్లోనే
ఆవులింతై పోయింది.

పెట్రోలు పైపు ముక్కు సన్నం.
లావుది సన్నదాంట్లో పట్టదు గానీ
సన్నది లావుదాంట్లోకి
సుట్టం మాదిరి పోయి కూచుంటది.
అందుకే ఈ పొరబాటు ఎప్పుడూ ఒక దారినే వస్తది.
చేరిన రోజే చెప్పినాడు మేనేజరు దయాకరయ్య.
ఇదిగూడా తెలీదా అని నవ్వినా ఆపొద్దు.

పదకొండు లీటర్ల కాడ
ట్యాంకు మూతిలోంచి డీజిలు వాసన.
నా చేతిలో పెట్రోలు.

ఆయన ఫోను జోబీలో ఏసి
తాళం మీద చెయ్యి పెట్టినాడు.

"తాళం తిప్పబాక అన్నా! తిప్పబాక!"

ఎట్ట పోయిందో తెలీదు,
అద్దంలోంచి నా చెయ్యి లోపలికి పోయి
ఆయన చెయ్యి మీద పడుండాది.
నిమ్మకాయలు ఏరిన చెయ్యి, గరుకుగా.
ఇద్దరం అట్నే ఉండిపోయినాం కాసేపు.
లోపల పాట ఒకటి సన్నంగా వస్తా ఉండాది.

తాళం తిరగాల్సింది పావు అంగుళం.
అది తిరిగుంటే పంపు, ఇంజెక్టర్లు, లక్ష రూపాయలు.
నా ఎనిమిది నెల్ల జీతం
ఆ పావు అంగుళంలో పడుకోనుండాది.

ఇంత గట్టిగా ఈ మాట
నాకు ఎవురన్నా అరిచుండాల్సిన రోజు ఒకటుండాది.
అది వేరే లెక్క. ఈ మీటర్లో రాదు.

తర్వాత తిట్లు. అయ్యన్నీ చెప్పను.
మా అమ్మ దాకా పోయి ఆడ ఆగినాడు, మర్యాదస్తుడు.
ముగ్గురం కలిసి బండిని గాలి మిషను పక్కకి తోసినాం.

ఖాదర్ బాషా స్కూటీ మీద వచ్చినాడు,
లుంగీ మీదనే, చంకలో పైపు చుట్ట.
ట్యాంకులోకి దించి, నోటితో పీల్చి, ఉమ్మేసి,
"సగం సగం" అన్నాడు
సాంబార్లో ఉప్పు చెప్పినట్టు.
"ఇంజనుకి చుక్క పోలా. బతికిపోయినావు."
నాతో అన్నాడో బండితో అన్నాడో.

పంతొమ్మిది లీటర్లు, తెల్ల క్యాన్లో.
ట్యూబులైటుకి అడ్డం పెట్టి చూసినా.
యాడ ఇది మొదలో యాడ అది ఆఖరో గీత లేదు.
"ఇడదీసేదానికి కాదా బాషాన్నా?"
"గూడూర్లో కాదు గదా, మెడ్రాసులో గూడా కాదు పాపా.
ఇట్టియ్యి, నట్లు కడుక్కుంటా."

కొత్త డీజిలు రెండు లీటర్లు పోసి కడిగి,
అదీ తీసి, మళ్లా పోసి,
తెల్లారేసరికి బండి మామూలుగా దగ్గింది.

జీతంలో నెలకి నాలుగొందలు, మూడు నెల్లు.
దయాకరయ్య రాసుకున్నాడు.
పేరు కాడ పి. పెంచలమ్మ.
కారణం కాడ అజాగ్రత్త.
వరసగా నాలుగో రాత్రి అని రాసేదానికి
ఆ కాయితంలో గడి లేదు.

పొయ్యే ముందు నిమ్మకాయలాయన
డిక్కీ తెరిచి, సంచి మూతి ఇప్పి,
రెండు కాయలు కోసి నా చేతిలో పెట్టినాడు.
"రుద్దుకో. వాసన పోద్ది.
ఎట్టా రేటు ల్యా."

రుద్దుకున్నా.
గోళ్ల సందుల్లో మండింది.
ఒక్క వాసనా పోలా,
ఇంకోటి వచ్చి చేరింది.

డ్యూటీ దిగబోతా ఉంటే
తిరపతి పొయ్యే బండి ఒకటి వచ్చి ఆగింది.
ఎనకాల పిల్లోళ్లు నిద్ర.
"పెట్రోలా డీజిలా అన్నా?"
"పెట్రోలు."
మూత తీసి స్టిక్కరు చూసినా. మళ్లా అడిగినా.
"ఏంది, చెవుడా?"
"కాదన్నా."

మూడోసారి అడిగినా.